పార్సిల్ మీద 'గిఫ్ట్' అని రాయించకండి

2021 వానాకాలంలో ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చి కవరు చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. లోపల కస్టమ్స్ వాళ్ళు పంపిన ఒకే కాగితం. అమెరికా నుంచి నా పేరున వచ్చిన పార్సిల్‌ని ఆపామనీ, ఆ వస్తువుకి ఎంత డబ్బు కట్టానో రుజువు చూపించమనీ రాసుంది. చదువుతుంటేనే చేతులు చల్లబడ్డాయి. ఆ పార్సిల్ మీద "గిఫ్ట్, పాత రేజర్, 10 డాలర్లు" అని ఉంది. నేను కట్టింది 68 డాలర్లు. సుంకం తప్పుతుందని, అలా రాయమని అమ్మినాయన్ని అడిగింది నేనే.

ఆయన డెబ్భై దాటిన మనిషి. ఆ రేజర్ వాళ్ళ మామగారిది. మామగారు పోయాక చాలా ఏళ్ళు అలమారలో ఉండిపోయిందట. "మీ దగ్గరైతే రోజూ వాడతారు కదా" అని నాకు అమ్మారు. గిఫ్ట్ అని రాయడం ఆయనకు ఇష్టం లేదు. రెండు మెయిళ్ళు రాసి నేనే ఒప్పించాను. ఇండియాకి పంపేవాళ్ళందరూ అలాగే రాస్తారని చెప్పాను.

బ్యాంకు స్టేట్‌మెంట్ పంపించక తప్పలేదు. లేబుల్ మీద పది, స్టేట్‌మెంట్‌లో అరవై ఎనిమిది. ఇంక నేను ఏం వివరణ ఇచ్చినా ఎవరు నమ్ముతారు? ఏడు వారాలు టెన్షన్ పడ్డాక పార్సిల్ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన దగ్గరికి చేరేసరికి ప్లాస్టిక్ పెట్టె మూత దగ్గర కీలు విరిగిపోయింది. రేజర్‌కి ఏమీ కాలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "ఈసారి నిజమే రాద్దామా?" అని మాత్రం అడిగారు.

ఆ ఒక్క వాక్యానికి నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెండోసారి ఆయన ఉన్నది ఉన్నట్టు రాశారు. పందొమ్మిది రోజుల్లో వచ్చింది. సుంకం పోస్ట్‌మ్యాన్ చేతికే కట్టి తీసుకున్నాను. విప్పి చూస్తే ముందు నికెల్ మెరుపు, తర్వాత బరువు తెలిసింది. దాదాపు 80 గ్రాములు. పిడి లావుగా, కురచగా ఉంటుంది కాబట్టే దానికి ఫ్యాట్‌బాయ్ అని పేరు. గిల్లెట్ వాళ్ళు పెట్టిన అసలు పేరు 195 అడ్జస్టబుల్. ఆ రోజుల్లో ధర 1 డాలర్ 95 సెంట్లు, అందుకని 195. పిడి అడుగున ఉన్న మరను తిప్పితే తల మీది రెండు తలుపులు సీతాకోకచిలుక రెక్కల్లా తెరుచుకుంటాయి. మెడ దగ్గర 1 నుంచి 9 దాకా అంకెల చక్రం. గడ్డం ఎంత గట్టిదైతే అంత పెద్ద అంకె. తలుపులు తెరిచి పట్టుకుంటే కింద భూతద్దంలో కనపడేంత చిన్న అక్షరం, పక్కన అంకె: ఎఫ్, 2. గిల్లెట్ వాళ్ళు అమెరికాలో తయారుచేసిన వాటి మీద ఏడాదికో అక్షరం, మూడు నెలలకో అంకె వేసేవాళ్ళు. ఎఫ్ అంటే 1960. రెండు అంటే ఏప్రిల్ నుంచి జూన్ మధ్య. తలుపుల కీళ్ళలో తెల్లగా గట్టిపడ్డ సబ్బు ఇంకా ఉంది. ఎవరో గడ్డం గీసుకున్న చివరి రోజు సబ్బు అది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి తీయడానికి నాకు మనసొప్పలేదు గానీ, వాడాలంటే తీయాలి కదా.

హైదరాబాద్‌లో ఈ పాత రేజర్ల మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. కొందరు ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో వెతుకుతారు, కొందరు గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్తారు, ఎక్కువమంది విదేశాల నుంచి తెప్పించుకుంటారు. ఆ తెప్పించుకునే కుర్రాళ్ళు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, గిఫ్ట్ అని రాయమని చెప్పనా?" వద్దు నాన్నా. చట్టం, రేజర్, దాన్ని అమ్మే మనిషి, ఈ మూడింటిలో దేన్ని చూసినా వద్దనే అంటాను.

చట్టం సంగతి సులువు. ఒకప్పుడు కొంత విలువ లోపు బహుమతులు పోస్టులో సుంకం లేకుండా వచ్చేవి. విదేశీ ఆన్‌లైన్ దుకాణాల సరుకు అంతా ఆ సందులోంచే రావడం మొదలైంది. 2019 డిసెంబరులో కేంద్రం ఆ తలుపు మూసేసింది. పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ అని చెప్పి సుంకం లేకుండా దిగుమతి చేసుకోవడం నిషేధం. ప్రాణాలు కాపాడే మందులకు, రాఖీలకు మాత్రం మినహాయింపు. రాఖీతో పాటు పంపే కానుకలకు అది కూడా లేదు. పూర్తి సుంకం కట్టేట్టయితే మాత్రం బహుమతిగా రావచ్చు. అంటే గిఫ్ట్ అనే మాట వల్ల మన దేశంలో పైసా తగ్గదు. పైగా చూసేవాళ్ళకి అనుమానం వచ్చేదే ఆ మాట వల్ల. అమెరికాలోనో ఇంగ్లండులోనో కూర్చుని మంచి మనసుతో గిఫ్ట్ గడిలో టిక్కు పెట్టే అమ్మకందారుకి ఇది తెలియదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. కాబట్టి కొన్న రోజే మనం వాళ్ళకి చెప్పాలి: దయచేసి గిఫ్ట్ అని రాయకండి, అమ్మిన వస్తువు అనే రాయండి.

తక్కువ విలువ రాయించుకోవడం ఇంకా నష్టం. పార్సిల్ పోతే పరిహారం లేబుల్ మీద రాసిన విలువ దాటి రాదు. 68 డాలర్ల రేజర్‌ని పది అని రాయించుకున్నవాడు, దారిలో అది పోతే పదికే ఏడవాలి. ఏనుగుని కొని అంకుశానికి వెనకాడినట్టు అన్నమాట.

అయితే పాత వస్తువు విలువ ఎంత అన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. నా ఫ్యాట్‌బాయ్‌కి పుట్టినప్పుడు రెండు డాలర్లు కూడా లేదు. అదే రేజర్ కొత్తదానిలా, అసలు పెట్టెతో సహా దొరికితే అమ్మేవాళ్ళు ఎంతైనా చెప్తారు. మరి లేబుల్ మీద ఏది రాయాలి? కస్టమ్స్ చట్టం 1962లో 14వ సెక్షన్ సమాధానం చెప్తుంది: లావాదేవీ విలువ, అంటే మనం నిజంగా కట్టిన డబ్బు. అధికారికి ఈ రేజర్ల ధర తెలియకపోతే ఆన్‌లైన్‌లో కనపడిన ధర చూస్తారు, అది చాలాసార్లు ఎవరూ కొనని ధర. అందుకని కొన్న బిల్లు, డబ్బు కట్టిన రసీదు ప్రింటు తీసి పెట్టె పైన పారదర్శకమైన కవరులో అంటించమని అడుగుతాను. ఒక కాపీ లోపల కూడా పెట్టమంటాను, పైది ఊడిపోతుంది కాబట్టి. ఆ రెండు కాగితాలు పెట్టడం మొదలుపెట్టాక నాకు విలువ గురించి ఉత్తరం రాలేదు.

సుంకం ఎంత పడుతుందని అడుగుతారు. అంకె చెప్పను, బడ్జెట్టుకోసారి మారుతుంది. లెక్క మాత్రం చెప్తాను. వస్తువు ధరకి రవాణా, బీమా ఖర్చు కలుపుతారు. దాని మీద ప్రాథమిక సుంకం. చాలా వస్తువులకు ఆ సుంకం మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్. ఇవన్నీ కలిపిన మొత్తం మీద మళ్ళీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకుకి పడే జీఎస్టీ. మనలాంటి వాళ్ళకి నొప్పి పుట్టేది రవాణా దగ్గర. ఇరవై డాలర్ల రేజర్‌కి ఇరవై ఐదు డాలర్ల పోస్టేజీ, ఆ పోస్టేజీ మీద కూడా పన్ను. చారానా కోడికి బారానా మసాలా అని మా ఊళ్ళో ఊరికే అనలేదు. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. విమానంలో వచ్చే సరుకుకి రవాణా ఖర్చు నిజంగా ఎంతైనా, సరుకు ధరలో 20 శాతానికి మించి విలువలో కలపకూడదని 2007 నాటి విలువ నిర్ధారణ నియమాల్లో ఉంది. కొరియర్ వాళ్ళ లెక్క కాగితం వచ్చినప్పుడు ఈ వరుస చూసుకోండి. తేడా ఉంటే మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. నేను అడిగాను, సవరించారు. అలా అడగాలంటే ముందు మన లేబుల్ నిజమై ఉండాలి.

పేరు విషయం ఇంకోటి. మన భాషలో మడిచే రేజర్‌ని మంగలి కత్తి అంటాం. ఇంగ్లీషులో బ్రిటిష్ వాళ్ళు దాన్ని కట్‌త్రోట్ అంటారు, గొంతు కోసేది అని. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పార్సిల్ మీద అమ్మకందారు తనకు అలవాటైన ఆ మాటే రాశాడు. ఎక్స్‌రేలో కోణంగా మడిచిన ఇనుప పలక, లేబుల్ మీద గొంతు కోసేది. అది పదకొండు రోజులు ఆగింది. ఆపినవాళ్ళని నేను తప్పు పట్టను. ప్రపంచమంతా ఒకే పద్ధతిలో వాడే సరుకుల కోడ్‌లో (దాన్నే హెచ్ఎస్ అంటారు) కత్తులు 8211 కిందకి, రేజర్లూ వాటి బ్లేడ్లూ 8212 కిందకి వస్తాయి. మడిచే రేజరైనా, బ్లేడు వేసే సేఫ్టీ రేజరైనా 8212.10. ఆ ఆరు అంకెలు లేబుల్ మీద ఉంటే చూసే మనిషికి సగం పని తప్పుతుంది. ఇక ఆయుధాల భయం. 2016 ఆయుధ నియమాలు పదునైన ఆయుధాల విషయంలో చెప్పే కొలత 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగు, అంటే కోసే పలక. మడిచే రేజర్ అలుగు మూడు అంగుళాల చిల్లర. వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెప్తారు, మామూలుగా దొరికేవి 5/8, 6/8. ఆ కొలతకి చాలా దూరం.

నేను అమ్మకందారుకి పంపే వాక్యం ఇది, కావాలంటే వాడుకోండి: "యూజ్డ్ సేఫ్టీ రేజర్, మెటల్, నో బ్లేడ్స్, మేడ్ ఇన్ యూఎస్ఏ, హెచ్ఎస్ 8212.10", ఆ పక్కన కట్టిన ధర. తయారైన దేశం దగ్గర జాగ్రత్త. జర్మనీలోని జోలింగెన్ ఊళ్ళో చేసిన రేజర్ అమెరికా నుంచి వస్తున్నా, పుట్టిన దేశం జర్మనీయే అవుతుంది. బ్లేడ్లు మాత్రం వేయనివ్వకండి. ఇక్కడ ఏ కిరాణా కొట్లోనైనా దొరికే వస్తువు కోసం పార్సిల్‌ని ప్రమాదంలో పెట్టడం ఎందుకు?

తయారైన దేశం అన్నాను కదా, అక్కడే నాకు ఈ కస్టమ్స్ కాగితాల మీద గౌరవం మొదలైంది. పాత రేజర్ల వయసు కట్టేవాళ్ళు ముందు చూసేది అలుగు మొదట్లో ఇంగ్లండ్ అనో జర్మనీ అనో దేశం పేరు ఉందా అని. అమెరికా 1890లో మెకిన్లీ టారిఫ్ అనే సుంకాల చట్టం చేసింది. తమ దేశంలోకి వచ్చే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండి తీరాలని అందులో ఉంది. 1891 మార్చి నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందు షెఫీల్డ్ అని ఊరి పేరు మాత్రమే కొట్టుకునే కమ్మరులు దాని పక్కన ఇంగ్లండ్ అని కూడా కొట్టడం మొదలుపెట్టారు. వయసు చెప్పడానికి అదొక్కటే ఆధారం కాదు, కానీ మొదట చూసేది అదే. ఆలోచించండి, ఈ రోజు మనం ముచ్చటపడి చదివే ఆ అక్షరాలు ఒక కస్టమ్స్ నియమం వల్ల ఇనుము మీదకి వచ్చాయి. ఆ రోజు షెఫీల్డ్ వాళ్ళు దేశం పేరు తప్పు కొట్టి ఉంటే ఈ రోజు మన దగ్గర ఏం మిగిలేది?

మా ఇంట్లో ఇంకో కాగితం ఉంది. మా తాత సికింద్రాబాద్ రైల్వేలో గార్డు. ఆయన వాడింది ఇంగ్లండులో తయారైన గిల్లెట్ టెక్. 1938లో వచ్చిన మోడల్, మూడు ముక్కలు, ఎక్కడా కదిలే కీలు లేదు, పాడయ్యేదీ లేదు. దాని రేకు పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన ఉర్దూ చీటీ ఒకటి ఉండేది. చిన్నప్పుడు అది మందు చీటీ అనుకున్నాను. నాన్నకి ఉర్దూ మీడియం చదువు, ఆయన చదివి చెప్పారు. తాత బొంబాయి నుంచి తెచ్చిన సామానుకి కట్టిన సుంకం రసీదు అది. రెండు చీరలు, ఒక క్షవరం సెట్టు అని రాసుంది. నిజాం రోజుల్లో హైదరాబాద్ రాజ్యానికి సొంత తపాలా ఉన్నట్టే సొంత సుంకాల శాఖ కూడా ఉండేది. జనం కరోడ్‌గిరి అనేవాళ్ళు. బొంబాయి నుంచి వచ్చిన సరుకు కూడా వాళ్ళకి పరాయి దేశపు సరుకే. తాత రేజర్ మీద ఏడాది చెప్పే అక్షరం లేదు. ఆ రేజర్ మా ఇంటికి ఎప్పుడు వచ్చిందో, ఎవరికి తెచ్చిన చీరలతో పాటు వచ్చిందో మాకు తెలుసంటే ఆ రసీదు వల్లే. ఒక చీర మా నాయనమ్మది, రెండోది ఆమె చెల్లెలిది. తాత ఆ రోజు సంచి అడుగున దాచి తెచ్చి ఉంటే ఈ కథ మాకు లేదు.

నా దగ్గరికి వచ్చే ప్రతి పార్సిల్ లేబుల్‌ని నేను ఇప్పుడు జాగ్రత్తగా కత్తిరించి, సుంకం చీటీతో కలిపి, ఆ రేజర్ పెట్టెలోనే పెడుతున్నాను. మీరూ పెట్టండి. యాభై ఏళ్ళ తర్వాత మీ మనవరాలు తెరిచి చూస్తే "గిఫ్ట్, 10 డాలర్లు" అనే అబద్ధం కనపడాలా?

అబద్ధం ఎంత దూరం పోతుందో చెప్పే సంగతి ఒకటుంది. రెండేళ్ళ క్రితం షెఫీల్డ్ రేజర్ల జంట ఒకటి చూశాను. తెల్లటి పిడులు, తోలు పెట్టె. ఏమిటా తెలుపు అని అడిగితే అమ్మకందారు దంతం అన్నాడు. చాలాసార్లు దంతం అనుకునేది సెల్యులాయిడ్ అవుతుంది. అందులో గీతలు పక్కపక్కనే సమానంగా పోతాయి, గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. అసలు ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు ఉంటాయి. పిడి చివర ఫోటో అడిగాను. వల కనపడింది. నా గుండె జారింది, ఎందుకంటే అంత అందమైన జంట మళ్ళీ దొరకదని తెలుసు. ఆఫ్రికా ఏనుగుని కూడా 1989లో అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన జాబితాలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 1991 సవరణతో ఆఫ్రికా దంతానికి కూడా ఇక్కడ దారి మూసుకుపోయింది. వద్దులెండి అని రాశాను. ఆయన జవాబు: "లేబుల్ మీద ఎముక అని రాస్తాను, ఎవరికీ తెలియదు." విలువ దగ్గర నేను ఒకప్పుడు చేసింది సరిగ్గా ఇదే పని కదా అని అప్పుడు అనిపించింది. మాట మారింది, పని అదే. కొనలేదు. తాబేటి చిప్ప పిడుల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. అలుగు ఎంత బాగున్నా సరే, పిడి దేనితో చేసిందో తేలకుండా డబ్బు కట్టకండి.

ఇప్పుడు నా మిత్రుల అభ్యంతరం. "నిజం రాస్తే మాత్రం ఏం ఒరిగింది? చట్టమే మన వైపు లేదు కదా" అంటారు. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం నేను ఒప్పుకుంటాను. విదేశీ వాణిజ్య విధానం 2023లో 2.31 పేరా ప్రకారం యంత్రసామగ్రి కాని సెకండ్ హ్యాండ్ వస్తువుల దిగుమతి 'రిస్ట్రిక్టెడ్', అంటే అనుమతి పత్రం కావాలి. ఎవరో విప్పి పారేసిన బట్టలు, అరిగిన టైర్లు కంటెయినర్ల కొద్దీ మన రేవుల్లో దింపకుండా ఆపడానికి అలాంటి అడ్డు కావాలి. అందులో నాకు ఏ సందేహం లేదు. కానీ అదే అడ్డు ఎనభై గ్రాముల రేజర్‌కి కూడా తగులుతుంది. నా పార్సిల్ ఒకటి ఈ కారణంతోనే ఆగితే, కస్టమ్స్ చట్టం 125వ సెక్షన్ కింద జప్తుకి బదులు జరిమానా కట్టి విడిపించుకున్నాను. చాలాసార్లు మాత్రం ఏ ప్రశ్నా లేకుండా వచ్చాయి. ఒకే రకం రేజర్, ఒకే రకం లేబుల్, ఒకసారి వదులుతారు, ఒకసారి ఆపుతారు. ఏది ఎప్పుడు జరుగుతుందో తెలియకపోవడమే నాకు అన్నిటికన్నా బాధ.

నూరేళ్ళు దాటిన పురాతన వస్తువులకు సుంకాల పట్టికలో 9706 అని వేరే శీర్షిక ఉంది. కొత్త రేజర్‌కి 8212 ఉంది. ఆ రెంటి మధ్య, 1920ల నుంచి 1980ల దాకా తయారైన, మనుషులు నిజంగా వాడుకునే చిన్న వస్తువులకు సొంత చోటు లేదు. రేజర్లు, పెన్నులు, గడియారాలు, కెమెరాలు, అన్నిటిదీ ఇదే పరిస్థితి. నేను అడిగేది సుంకం మాఫీ కాదు. సొంత వాడకానికి, పార్సిల్‌కి ఒకటో రెండో, ఫలానా విలువ లోపు ఉంటే, పూర్తి సుంకం కట్టించుకుని ఏ అనుమతి పత్రం అడగకుండా వదిలేయండి అని ఒక స్పష్టమైన వాక్యం కావాలి. కట్టడానికి సిద్ధంగా ఉన్నవాడికి దారి చూపిస్తే ప్రభుత్వానికీ ఆదాయమే. ఇదే రాసి సంబంధిత శాఖకి వినతి పంపాను, నా పాత లేబుళ్ళ కాపీలు జతచేసి. ఇంకో పదిమంది తమ లేబుళ్ళతో పంపితే బాగుంటుంది. "గిఫ్ట్, 10 డాలర్లు" అని రాసున్న లేబుల్‌ని మాత్రం ఎవరూ జతచేయలేరు.

ఇక్కడి నుంచి బయటికి పంపడం గురించి కూడా కొంచెం చెప్పాలి. అబిడ్స్ జీపీవోలో కౌంటర్ దగ్గర మేడమ్ ప్రతిసారీ అడుగుతుంది, "ఏముంది సార్ లోపల?" మొదటిసారి అలవాటు కొద్దీ "పాత మంగలి కత్తి మేడమ్" అన్నాను. ఆమె చేయి ఆగిపోయింది. విప్పి చూపించాను. అలుగుకి నూనె రాసి, మైనం కాగితం చుట్టి, అట్టముక్కల మధ్య పెట్టి, తెరుచుకోకుండా కట్టిన కట్టు చూసి, "మా తాత దగ్గర ఉండేది సార్ ఇలాంటిది, తోలు పట్టీ మీద రుద్దేవాడు" అంది. అప్పటి నుంచి రేజర్ అనే అంటున్నాను, పెట్టెని అక్కడే ఆమె ముందు మూస్తున్నాను. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసినప్పుడు మన తపాలా శాఖ ఆ దేశానికి పార్సిళ్ళు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపేసింది. కట్టి సిద్ధం చేసిన రెండు పెట్టెలు నా బల్ల మీదే ఉండిపోయాయి. అక్టోబరులో మళ్ళీ మొదలయ్యాక పంపాను.

మొన్న చలికాలంలో జుమ్మేరాత్ బజార్‌లో పాత తాళాల కుప్ప కింద ఒక మడిచే రేజర్ దొరికింది. కొమ్ము పిడి, ఒక పక్క పురుగు తినేసింది. అమ్మే భాయ్ "పాంచ్ సౌ" అన్నాడు, బేరమాడకుండా ఇచ్చాను. ఇంటికి తెచ్చి కుట్టు మిషన్ నూనెతో తుడిస్తే అలుగు మొదట్లో అక్షరాలు తేలాయి. షెఫీల్డ్ అని ఉంది. ఇంగ్లండ్ అని లేదు.

షెఫీల్డ్‌లో నాకొక మిత్రుడున్నాడు, ఆ ఊళ్ళో తయారైన రేజర్లు తిరిగి ఆ ఊరికి చేరాలని ఆయన కోరిక. ఫోటో పంపగానే ఎంతైనా ఇస్తానన్నాడు. కానీ నూరేళ్ళు దాటి, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి రావచ్చు. వస్తే ప్రైవేటు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు. ఎక్కడో తయారై ఇక్కడికి వచ్చిన క్షవరం కత్తి ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది భారత పురావస్తు సర్వేక్షణ వాళ్ళు చూసి, రాదంటే పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తారు. "1950 అని రాసి పంపెయ్, ఎవరు చూస్తారు" అని ఇక్కడి మిత్రుడొకడు అన్నాడు. నేను దరఖాస్తు ఇచ్చాను. నాలుగు వైపుల నుంచి ఫోటోలు, కొలతలు, ఎక్కడ కొన్నానో జతచేశాను. షెఫీల్డ్ ఆయనకి ఆగమని రాశాను, ఎన్నాళ్ళైనా ఆగుతానన్నాడు.

జుమ్మేరాత్ బజార్‌లో బిల్లు ఇవ్వరు. అందుకని నేనే ఒక చీటీ మీద తేదీ, చోటు, ఐదు వందలు అని రాసి, నాలుగు మడతలు పెట్టి, దాని పెట్టెలో ఉంచాను.